విల్లార్డ్ అటక మీది పెట్టెలు: మూతబడిన మానసిక వైద్యశాలల్లో మిగిలిపోయిన వస్తువులను ఏం చేయాలి?

సెనెకా_ఒడ్డు

సభ్యులందరికీ నమస్కారం. నేను న్యూయార్క్ రాష్ట్రంలో, సెనెకా సరస్సుకు అరగంట దూరంలో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. ఆ సరస్సు ఒడ్డున విల్లార్డ్ మానసిక వైద్యశాల ఉండేది. 1869లో తెరిచి 1995లో మూసేవరకు అందులో 50,000 మందికి పైగా మనుషులు ఉన్నారు, వారిలో దాదాపు సగం మంది అక్కడే కన్నుమూశారు.

మూసివేత పనులు జరుగుతున్నప్పుడు అక్కడి ఉద్యోగులూ, రాష్ట్ర మ్యూజియం క్యూరేటర్ క్రెయిగ్ విలియమ్స్ గారూ ఒక భవనం అటక మీద 400కు పైగా పెట్టెలను చూశారు. చెక్క అరల్లో పురుషులవి ఒక పక్క, స్త్రీలవి మరొక పక్క, ఇంటిపేర్ల అక్షరక్రమంలో సర్ది ఉన్నాయి. సుమారు 1910 నుంచి 1960ల దాకా చేరినవారు వెంట తెచ్చుకున్న సామాను అది. చేర్చుకున్న రోజున ఉద్యోగులు పెట్టె తీసుకుని చీటీ కట్టి పైకి పంపారు, వారు తిరిగి వెళ్లేటప్పుడు ఇవ్వాలనే ఉద్దేశంతోనే అలా చేసి ఉంటారు, కానీ ఆ రోజు చాలామందికి రానే లేదు. ఆ పెట్టెలలో కుట్టుసామాను, ప్రార్థన పుస్తకాలు, కుటుంబ ఛాయాచిత్రాలు, సైనిక దుస్తులు, అలారం గడియారాలు దొరికాయి. విలియమ్స్ గారు పట్టుబట్టి వాటిని మ్యూజియానికి తరలించకపోతే అవి మిగిలేవి కావు.

ఇప్పుడు ఇదంతా రాయడానికి కారణం ఉంది. మా కుటుంబ మిత్రుల అబ్బాయి, కాలేజీ విద్యార్థి, గత నెలలో స్నేహితులతో కలిసి మరొక రాష్ట్రంలో చాలా ఏళ్ల కిందట మూతబడిన ఒక మానసిక వైద్యశాలలోకి వీడియో తీయడానికి వెళ్లాడు. వస్తూ వస్తూ ఒక సొరుగులోంచి చిన్న తోలు సంచి తెచ్చాడు. అందులో ఒక కళ్ళజోడు, ఒక దువ్వెన, స్టాంపు అంటించని కవరు ఒకటి ఉన్నాయి. కవరు మీద ఒక స్త్రీ పేరు, ఊరు రాసి ఉన్నాయి, అంటే అది ఎన్నడూ పోస్టులో పడలేదు. వాళ్ల అమ్మగారు ఆ సంచిని చూసి రెండు రాత్రులు నిద్రపోలేదట. పారేయమంటే ఆమెకు మనసు రావడం లేదు, ఉంచుకోవడానికి అంతకంటే మనసు రావడం లేదు. ఏం చేయాలో తెలిసినవారు చెప్పగలరు.

నిర్వాహకులు

చర్చ కొనసాగించండి. ఆ వైద్యశాల పేరు, లోపలికి వెళ్లే దారి, కవరు మీది పేరు ఇక్కడ ఎవరూ రాయవద్దని మనవి.

పాతగోడలు

సెనెకా గారూ, పాడుబడిన భవనాల ఛాయాచిత్రాలు తీయడం నాకు పద్నాలుగేళ్ల అలవాటు కనుక ముందుగా ఆ అబ్బాయి తరఫున ఒక మాట. ఇలాంటి చోట్లకు వెళ్లేవారంతా దొంగలు కారు. అమెరికాలో పంతొమ్మిదో శతాబ్దపు వైద్యశాలలు చాలావరకు థామస్ స్టోరీ కర్క్‌బ్రైడ్ అనే వైద్యుడి నమూనా ప్రకారం కట్టినవి. మధ్యలో కార్యాలయం, రెండు వైపులా ఒకదాని వెనక ఒకటిగా తగ్గుతూ జరిగిన రెక్కలు, ప్రతి వార్డుకూ ఎండా గాలీ అందేలా పొడవైన కిటికీలు. మంచి గాలి, వెలుతురు, చేతికి పని ఉంటే మనసు కుదుటపడుతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతో కట్టిన భవనాల్లోనే తర్వాతి కాలంలో పట్టవలసిన దానికి ఎన్నో రెట్ల మందిని కుక్కారు. లోపల నిలబడితే ఆ రెండూ ఒకేసారి తెలుస్తాయి: ఇరవై అడుగుల నడవా మీద పడే అందమైన వెలుగు, ఆ నడవాలోనే మంచాలు లాగిన గీతలు. మసాచుసెట్స్ రాష్ట్రంలో అలాగే కట్టిన డాన్‌వర్స్ వైద్యశాలను 2006, 2007 ప్రాంతంలో చాలావరకు కూల్చి ఇళ్లు కట్టారు. అంతకుముందు లోపలికి వెళ్లినవారు తీసిన ఛాయాచిత్రాలు లేకపోతే ఆ వార్డులు ఎలా ఉండేవో నా వంటివారికి తెలిసేది కాదు.

అయితే తీసుకురావడం మాత్రం తప్పు. నేనూ ఆ తప్పు చేశాను. తొమ్మిదేళ్ల కిందట ఒక చోట గోడకు వేలాడుతున్న ఇత్తడి బిళ్ల, దాని మీద ఒక అంకె ఉంటే, జేబులో వేసుకుని వచ్చాను. బట్టల ఉతుకుశాలలో ఒక మనిషికి కేటాయించిన గుర్తు అది అని తర్వాత అర్థమైంది. ఈలోగా ఆ భవనం కూల్చేశారు. ఇప్పుడు నా దగ్గర ఉన్నది ఒక ఇత్తడి ముక్క మాత్రమే. ఆ అంకె ఎవరిదో చెప్పగలిగిన గోడ, పక్క బిళ్లలు, వరస ఇక లేవు. తెచ్చిన రోజున అది ఒక మనిషి ఆనవాలు, నేను దాన్ని వట్టి లోహంగా మార్చాను.

ఇంకొక విషయం, ఇది చదివి ఎవరికైనా అలాంటి చోటికి వెళ్లాలని ఉత్సాహం కలగవచ్చు కనుక చెబుతున్నాను. ఆ భవనాల్లో పైపుల చుట్టూ ఆస్బెస్టాస్, గోడల మీద సీసం కలిసిన రంగు పెచ్చులు, అటకల్లో మోకాలి ఎత్తున పావురాల రెట్ట ఉంటాయి. ఎండిన రెట్ట ధూళితో పీల్చే శిలీంధ్రం ఊపిరితిత్తులకు పడుతుంది. నేల పైకి గట్టిగా కనిపించినా కింద దూలాలు కుళ్లి ఉంటాయి. అనుమతి అడగండి, అనుమతి ఇవ్వకపోతే వెనక్కి రండి.

పత్ర_రక్షణ

నేను పాత పత్రాల పరిరక్షణ విభాగంలో పనిచేస్తాను. సెనెకా గారు ఆ తల్లిగారికి ఈ రోజే చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నాయి.

కవరు తెరవవద్దు. నైతికమైన కారణం తర్వాత చూద్దాం, ముందు కాగితం సంగతి. ఆ కాలపు చవక కాగితంలో ఆమ్లం ఎక్కువ, మడత దగ్గర పీచు చచ్చిపోయి ఉంటుంది. ఒకసారి విప్పితే అక్కడే రెండుగా విరుగుతుంది. కళ్ళజోడును తుడవవద్దు, దువ్వెనలో వెంట్రుకలు ఉంటే తీయవద్దు, తోలు మీద నూనె రాయవద్దు. మన ఇళ్లలో పాత వస్తువు కనిపిస్తే మెరిసేలా తోమడం ప్రేమకు గుర్తు. ఇక్కడ ఆ మురికి కూడా సాక్ష్యమే. మూడింటినీ విడివిడిగా, ఆమ్లం లేని కాగితం దొరికితే అందులో, దొరకకపోతే ఉతికి గంజి పెట్టని తెల్లటి నూలుగుడ్డలో చుట్టి, అట్టపెట్టెలో, ఎండ తగలని పొడి గదిలో ఉంచండి. ప్లాస్టిక్ సంచిలో మూసి ఉంచితే లోపలి తేమకు బూజు పట్టవచ్చు. పురుగు ఆనవాళ్లు కనబడితే దాన్ని మిగిలిన వస్తువులకు దూరంగా పెట్టి, తీసుకునే సంస్థకు ముందే చెప్పండి.

అంతకంటే ముఖ్యమైన పని ఆ అబ్బాయిది. ఏ భవనం, ఏ అంతస్తు, ఏ గది, సొరుగు ఏ బల్లది, పక్కన ఇంకేమున్నాయి, ఏ తేదీన తీశాడు, ఇవన్నీ మరచిపోకముందే కాగితం మీద రాయాలి. అతను తీసిన వీడియోను కత్తిరించకుండా మొత్తం దాచాలి. పాతగోడలు గారు చెప్పిన ఇత్తడి బిళ్లకు లేకుండా పోయింది సరిగ్గా ఇదే. విల్లార్డ్ పెట్టెల విలువ కూడా ఇక్కడే ఉంది. వాటిని ఎవరో ఒక్కొక్కటిగా పాతసామాను అంగళ్లలో అమ్మి ఉంటే 400 పాత సూట్‌కేసులు మాత్రమే మిగిలేవి. ఒకే చోట, చీటీలతో, వైద్యశాల రికార్డులతో జతపడి ఉండటం వల్లనే డార్బీ పెన్నీ, పీటర్ స్టాస్ట్నీ అనే ఇద్దరు ఏళ్ల తరబడి కూర్చుని కొన్ని పెట్టెల యజమానుల జీవితాలను తిరిగి కూర్చగలిగారు. 2004లో రాష్ట్ర మ్యూజియంలో జరిగిన ప్రదర్శన ఆ పని ఫలితమే. తర్వాత 2011 నుంచి జాన్ క్రిస్పిన్ అనే ఛాయాగ్రాహకుడు ఒక్కొక్క పెట్టెనూ విప్పి ఫొటోలు తీశారు. మ్యూజియంవారు ప్రతి వస్తువునూ ఎంత శ్రద్ధగా కాగితంలో చుట్టి నూలు నాడా కట్టారో ఆ ఫొటోలలో కనిపిస్తుంది, ఒక బట్టలపిన్నును కూడా వదల్లేదు.

గోదావరి_మనవరాలు

ఈ చర్చ చదువుతూ రాయకుండా ఉండలేకపోతున్నాను. మా మామ్మ చెల్లెలిని, మేము చిన్నమామ్మ అనేవాళ్లం, పెళ్లయిన మూడేళ్లకు ఒక మానసిక వైద్యశాలలో చేర్చారట. నేను పుట్టకముందు సంగతి. ఆవిడ తిరిగి రాలేదు. ఎప్పుడు పోయారో, దహనం ఎవరు చేశారో మా ఇంట్లో ఎవరికీ తెలియదు, తెలిసినవారు చెప్పలేదు. ఏటా తద్దినాలలో ఆవిడ పేరు ఎత్తరు.

ఆవిడ ట్రంకు పెట్టె మాత్రం మా అటక మీద నలభై ఏళ్లు ఉంది. మామ్మ పోయాక తెరిచాం. రెండు నేత చీరలు, కుంకుమభరిణె, మూడో తరగతి వాచకం, సగం అల్లిన లేసు ఉన్నాయి. వాచకం వెనక అట్ట మీద తన పేరు ఇరవైసార్లు రాసుకున్నారు, ప్రతిసారీ కొంచెం అందంగా. విల్లార్డ్‌లో పెట్టె ఆసుపత్రి అటక మీద మిగిలింది, మా ఇంట్లో పెట్టె ఇంటి అటక మీద మిగిలింది. ఆ మనిషి సంగతి ఎవరూ అడగకపోవడం మాత్రం రెండు చోట్లా ఒకటే.

నాకు ఒక్కటే తెలుసుకోవాలని ఉంది. ఆ వైద్యశాలలవారు మరణించినవారి పేర్లు ఎందుకు బయటపెట్టరు? ఎవరి గౌరవాన్ని కాపాడుతున్నారు?

చట్టం_తెలుసుకుందాం

మనవరాలు గారి ప్రశ్నకు నాకు తెలిసినంత సమాధానం. అమెరికాలో ఆరోగ్య సమాచార గోప్యతను కాపాడే కేంద్ర చట్టం నిబంధనలను 2013లో సవరించారు. దాని ప్రకారం మనిషి చనిపోయిన 50 ఏళ్లకు ఆ రక్షణ ముగుస్తుంది. కానీ రాష్ట్రాలకు అంతకంటే కఠినమైన చట్టాలు ఉండవచ్చు, న్యూయార్క్ మానసిక ఆరోగ్య చట్టం అటువంటిది. అందుకే విల్లార్డ్ పెట్టెలను ప్రచురించినప్పుడు చాలామందికి మారుపేర్లు పెట్టవలసి వచ్చింది, క్రిస్పిన్ గారి ఫొటోలు చాలావాటి కింద సొంత పేరు పక్కన ఇంటిపేరు మొదటి అక్షరం మాత్రమే ఇచ్చారు. అక్కడి శ్మశానంలో 5,700 మందికి పైగా ఉన్నారు, సమాధుల మీద పేర్లకు బదులు అంకెలు.

ఒరెగాన్ రాష్ట్రం వేరే దారి పట్టింది. సేలం పట్టణంలోని ప్రభుత్వ వైద్యశాలలో ఎవరూ తీసుకువెళ్లని సుమారు 3,500 మంది అస్థికలు రాగి డబ్బాలలో ఉండిపోయాయి. ఒకప్పుడు భూగర్భ గదిలో పెడితే నీళ్లు చేరి, రాగి తుప్పు పట్టి, డబ్బాల మీద నీలం, ఆకుపచ్చ పొరలు పెరిగాయి. 2004లో రాష్ట్ర శాసనసభ్యులు ఆ డబ్బాలను చూసిన తర్వాత విషయం దేశమంతటా తెలిసింది. వారు చట్టం మార్చి, పేర్ల పట్టికను అందరూ చూసేలా ప్రకటించారు. 2014లో స్మారకం కట్టి, అస్థికలను కొత్త పింగాణీ పాత్రలలోకి మార్చి, పాత రాగి డబ్బాలను కూడా పారేయకుండా అక్కడే కనిపించేలా ఉంచారు. పట్టిక చూసి, వందల కుటుంబాలు తమవారిని ఇంటికి తీసుకువెళ్లాయి.

మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యత హక్కునూ, 25వ సెక్షన్ తన వైద్య రికార్డులను తాను చూసుకునే హక్కునూ ఇచ్చాయి. రెండూ బతికి ఉన్నవారికి ఎంతో అవసరమైన హక్కులు. మనవరాలు గారు అడిగింది వాటి పరిధిలో తేలికగా ఇమిడే విషయం కాదు. అయినా ఆ వైద్యశాలకు బంధుత్వం తెలిపే కాగితాలు జతచేసి, చేర్చిన సంవత్సరం సుమారుగా రాసి, లిఖితపూర్వకంగా అడగండి. లిఖితపూర్వకమైన ప్రశ్నకు ఎవరో ఒకరు రిజిస్టరు తెరిచి చూడవలసి వస్తుంది.

విశ్రాంత_నర్సు

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు మానసిక వైద్య వార్డులలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. పేర్లు ప్రకటించాలన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను, మనవరాలు గారు అన్యథా భావించవద్దు.

మా వార్డులో కోలుకుని ఇంటికి వెళ్లిన స్త్రీలు తలుపు దగ్గర నా చెయ్యి పట్టుకుని అడిగిన మాట ఒకటే, "ఇక్కడ ఉన్నానని ఎవరికీ చెప్పకండి సిస్టర్" అని. కూతురికి సంబంధం కుదిరే వేళ ఎవరో పాత సంగతి తవ్వితే పెళ్లి ఆగిన ఇళ్లు నాకు తెలుసు. పేరు దాచమని కోరినవారు నిజంగా ఉన్నారు. వారి కోరిక చనిపోయిన మరునాటితో పోదు.

అయితే దాచడం వేరు, పోగొట్టడం వేరు. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో కొత్త భవనంలోకి మారినప్పుడు పాత చేరిక రిజిస్టర్లను, రోగుల సామాను రాసిన జాబితా పుస్తకాలను తూకానికి వేశారు. కాగితాల కొట్టతను తక్కెడ తెచ్చుకుని ఆవరణలోనే తూచాడు. ఆ సామాను పుస్తకంలో నా చేత్తో రాసిన వాక్యాలు ఉన్నాయి: "వెండి మట్టెలు ఒక జత, నీలం రవికె, తాళంచెవి ఒకటి." ఆ తాళంచెవిది ఏ తలుపో అడిగితే ఆవిడ రోజూ ఒక్కో ఇల్లు చెప్పేది. నేను పైవారికి చెప్పాను, గట్టిగా చెప్పలేదు. ఇప్పటికీ అది నన్ను బాధిస్తుంది.

మన ప్రాంతపు పాత వివరాలు కావలసినవారికి ఒక దారి ఉంది. బ్రిటిషు కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో మద్రాసు, కాలికట్, విశాఖపట్నంలోని మానసిక రోగుల ఆశ్రయాల మీద ఏటా నివేదికలు అచ్చువేసేవారు. స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం అటువంటి నివేదికలను డిజిటల్ రూపంలో అందరికీ అందుబాటులో ఉంచింది. చేరినవారెందరు, వృత్తులేమిటి, పోయినవారెందరు అన్నీ పట్టికలలో ఉంటాయి. మనుషులు మాత్రం ఉండరు. అది చదివాకే నాకు ఆ సామాను పుస్తకాల విలువ తెలిసింది.

గోదావరి_మనవరాలు

సిస్టర్ గారూ, అన్యథా భావించలేదు. మా చిన్నమామ్మ పేరు లోకమంతా తెలియాలని నేను అడగడం లేదు. మాకు తెలిస్తే చాలు. మీరు రాసిన ఆ తాళంచెవి వాక్యం చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

పీసా_విద్యార్థి

నేను ఇటలీలో చదువుతున్నాను. ఇక్కడికి దగ్గరలోని వోల్తెర్రా పట్టణంలో ఒక పెద్ద మానసిక వైద్యశాల ఉండేది. 1978లో ఫ్రాంకో బజాలియా అనే వైద్యుడి ఉద్యమ ఫలితంగా వచ్చిన 180వ నంబరు చట్టంతో ఇటలీలో ఇలాంటి వైద్యశాలలు క్రమంగా మూతబడ్డాయి, ఇదీ వాటిలో ఒకటి. సెనెకా గారు రాసిన స్టాంపు లేని కవరు చదవగానే నాకు వోల్తెర్రా గుర్తుకువచ్చింది. రోగులు ఇంటికి రాసిన ఉత్తరాలను అక్కడివారు పంపకుండా వారి కేసు ఫైళ్లలోనే పెట్టారు. దశాబ్దాల తర్వాత ఆ ఫైళ్లు తెరిచినవారు వాటిని చూసి, పుస్తకంగా ప్రచురించారు.

అక్కడే ఒరెస్తె ఫెర్నాందో నన్నెత్తి అనే మనిషి ఉండేవాడు. వైద్యశాలవారు ఇచ్చిన చేతుల్లేని కోటు బకిల్ మొనతో ఆవరణ గోడ మీద ఏళ్ల తరబడి రాశాడు. అంతరిక్షం, గ్రహాలు, లోహాలు, యుద్ధాలు, తన గురించి తాను, మొత్తం 180 మీటర్ల పొడవున గీశాడు. బల్ల మీద కదలకుండా కూర్చున్న తోటి రోగులను లేపకుండా వారి తలల చుట్టూ వదిలి చెక్కాడని ఇక్కడివారు అంటారు. ఆల్దో త్రాఫేలి అనే నర్సు ఆయనతో స్నేహం చేసి ఆ అక్షరాలను చదవడం నేర్చుకోకపోతే అవి వట్టి గీతలుగా ఉండిపోయేవి. నేను వెళ్లి చూసేసరికి వానకు, మంచుకు సున్నం చాలాచోట్ల రాలిపోయింది. కొన్ని భాగాలను ఊడదీసి లోపల భద్రపరిచారు. గోడను గోడగా అక్కడే ఉంచితే రాలిపోతుంది, ఊడదీస్తే ఆ బల్ల, ఆ మనుషుల తలల ఖాళీలు పోతాయి. నేను ఊడదీయడం వైపే ఉన్నాను, కానీ సంతోషంగా కాదు.

పాతగోడలు

విద్యార్థి గారు చెప్పిన ఆ నర్సు సంగతి చదివాక విల్లార్డ్ శ్మశానం గుర్తొచ్చింది. లారెన్స్ మోచా అనే ఆయన అక్కడ రోగిగా ఉంటూనే 1500కు పైగా సమాధులు తవ్వారు. 1968లో తొంభై ఏళ్ల వయసులో పోయే వరకు ఆ పని మానలేదు. ఆయనను కూడా పేరు లేకుండానే పూడ్చారు. స్థానికులు ఏళ్లపాటు అడగగా 2015లో ఆయన పేరుతో స్మారకఫలకం వెలిసింది. నర్సు గారి మాట కాదనను. అయినా మోచా గారి విషయంలో ఆయన పేరుతో ఫలకం పెడతామని ఊరివారే అడుగుతున్నప్పుడు కూడా అధికారులు అన్నాళ్లు సంకోచించడం నాకు అర్థం కాలేదు.

విశ్రాంత_నర్సు

ఆ సందర్భంలో నేనూ మీ వైపే, పాతగోడలు గారూ. అడిగేవారు వచ్చినప్పుడు ఇవ్వడానికి పేరు భద్రంగా ఉండాలి. మా ఆసుపత్రిలో ఆ రిజిస్టర్లు ఉండి ఉంటే మనవరాలు గారి వంటివారికి ఈపాటికి ఎందరికి జవాబు దొరికేదో.

సెనెకా_ఒడ్డు

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాల తర్వాత రాస్తున్నాను.

పత్ర_రక్షణ గారు చెప్పినట్లే సంచిని నూలుగుడ్డలో చుట్టి ఉంచారు. ఆ వైద్యశాల రికార్డులు ఆ రాష్ట్ర ప్రభుత్వ పురాలేఖాగారంలో ఉన్నాయని తెలిసి వారికి ఉత్తరం రాశాము. అనుమతి లేకుండా లోపలికి వెళ్లిన సంగతి దాచకుండా రాయమని అబ్బాయికి చెప్పాను, రాశాడు. కేసు పెడతారేమోనని వాళ్ల అమ్మగారు చాలా భయపడ్డారు. వారు కోపగించుకోలేదు, కానీ చాలా ప్రశ్నలు అడిగారు. ఏ గది, కిటికీ ఎటు వైపు, బల్లకు ఎన్ని సొరుగులు, మిగిలిన సొరుగులు తెరిచాడా, అని.

నిన్న మేము ముగ్గురం నాలుగు గంటలు ప్రయాణం చేసి దాన్ని అప్పగించి వచ్చాము. కవరును వారు తెరవలేదు. చేరిక రిజిస్టరులో కవరు మీది పేరు దగ్గరి బంధువుగా ఎవరి ఎదుట రాసి ఉందో ముందు వెతుకుతామన్నారు. ఆ కుటుంబం దొరికితే విప్పాలో వద్దో వారే చెబుతారు. దొరకకపోతే అలాగే మూసి ఉంచి, ఫలానా గదిలో దొరికిందని పట్టికలో ఎక్కిస్తారు.

తిరిగి వస్తుంటే అబ్బాయి వెనక సీట్లో కూర్చుని, వారు అడిగిన గది పటాన్ని మళ్లీ మొదటి నుంచి గీస్తున్నాడు. వారికి ఇచ్చిన దానిలో తలుపు ఎడమ వైపు పెట్టానని, అది కుడి వైపు ఉండాలని అన్నాడు. సరిచేసిన పటాన్ని ఈ రోజు పోస్టు చేశాము.